ఇవాన్ రాని సోమవారం

పుష్పరాణి యూనివర్సిటీ క్యాంటీన్లో వంట చేసేది. కొడుకు ఇవాన్ అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదువుతున్నాడని అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పొద్దని కొడుకు అనలేదు, తనే అలా అనుకుంది. వాడు వరసలో నిలబడి పళ్ళెం చాపితే అందరికీ వడ్డించినట్టే వడ్డించేది.

ఆ చలికాలం క్యాంటీన్ బల్లల దగ్గర కొడుకు పేరు తరచు వినబడసాగింది. పొద్దుటి పూట ఏదో ఒక పని చేసుకుంటే తప్ప చదువు సాగని పిల్లలు కొందరున్నారు. ప్రాక్టికల్స్ సరిగ్గా ఆ వేళకే పెట్టడంతో వాళ్ళ హాజరు తగ్గిపోయింది. పరీక్షకు కూర్చోనిచ్చేది లేదని డిపార్ట్‌మెంటువాళ్ళు చెప్పేశారు. ల్యాబు మధ్యాహ్నానికి మార్చమని అడగడానికి ఇవాన్ వాళ్ళందరినీ కూడగట్టాడు. నిజానికి వాడి హాజరుకు లోటేమీ లేదు. తల్లి జీతంతో ఇల్లు గడుస్తోంది కాబట్టి వాడు పనికి వెళ్ళనక్కర్లేదు.

వాళ్ళలో సమీర అనే అమ్మాయి ఉండేది. ఖిదిర్‌పూర్‌లో కుట్టుపని కార్ఖానాలో బొత్తాలు కుట్టి, పరుగున వచ్చి, అందరూ తినేశాక తినేది. "మాసీ, ఇంకేమైనా మిగిలిందా?" అని, పిన్నిని పిలిచినట్టు, బెంగాలీలో అడిగేది. ఆ పిల్ల కోసం పుష్పరాణి పప్పు తీసి ఉంచేది. ఇవాన్ దా, అంటే ఇవాన్ అన్న, లేకపోతే తను ఎప్పుడో చదువు మానేసేదాన్నని సమీర ఒకసారి చెబితే, పుష్పరాణి గిన్నెలు సర్దుతూ లోలోపల పొంగిపోయింది.

తల్లీకొడుకులు కలిసి బస్సు దిగడం క్యాంటీన్ సూపర్‌వైజరు మృత్యుంజయ ఎప్పుడు చూశాడో తెలియదు. ఒకరోజు ఆమెను పక్కకు పిలిచి, సోమవారం పిల్లలందరూ ఆఫీసు మీదికి వెళ్తారట కదా అన్నాడు. పైవాళ్ళు క్యాంటీన్ కంట్రాక్టరును పిలిచి మాట్లాడారనీ, కొడుకును కాస్త ఇంట్లో ఉంచుకోమనీ చెప్పాడు. అతను గొంతు కూడా పెంచలేదు.

ఏక్‌బాల్‌పూర్‌లో ఇంటికి వచ్చేసరికి భర్త ఎలీయాజరు గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు. రేవులో బొగ్గు దింపిన ఊపిరితిత్తులు అతనివి. ఇవాన్ నీళ్ళు తాగిస్తున్నాడు.

"ఆ గొడవ ఒగ్గేయ్ నానా," అంది పుష్పరాణి.

"ఏ గొడవ?"

"సోమవారం నాటిది. నా పని పోద్దంట."

ఇవాన్ గ్లాసు కింద పెట్టాడు. "ఒగ్గేస్తే సమీర చదువు పోద్దమ్మా."

"ఒగ్గకపోతే నీది పోద్ది. మీ అయ్య మందులూ పోతాయి. నానేటి సెయ్యాల?"

వాడు గ్లాసు తీసుకుని మళ్ళీ తండ్రి నోటికి అందించాడు.

సోమవారం వాడు లేవలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫోను మోగుతుంటే కట్టేశాడు. రావడం లేదని ఆ పిల్లలకు ఒక మాట చెప్పమని తల్లి అనలేదు. అనాలని ఆమెకు తోచలేదు.

క్యాంటీన్ కిటికీలోంచి ఆఫీసు మెట్లు కనిపిస్తాయి. పిల్లలు అక్కడ నిలబడి గేటువైపు చూస్తున్నారు. సమీర పదేపదే ఫోను చెవికి పెట్టుకుంటోంది. ఎండ మెట్ల మీదికి ఎక్కింది. ఆఫీసులోంచి ఒకాయన బయటికి వచ్చి ఏదో అడిగితే ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి ఒక్కొక్కరే జారుకున్నారు. అన్నం గంజి వార్చాల్సిన సమయం దాటిపోయి మెత్తబడింది. మృత్యుంజయ చూసి తన దారిన పోయాడు.

సమీరను పరీక్షకు రానివ్వలేదు. ఇవాన్ రాశాడు, మంచి మార్కులతో పాసయ్యాడు. క్యాంటీన్లో వాడు కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. తర్వాత వాడు అక్కడ తినడమే మానేశాడు.

ఎండలు ముదిరాక సమీర తన సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి వచ్చింది. క్యాంటీన్‌కు వచ్చి కూర్చుంటే పుష్పరాణి అన్నం పెట్టింది.

"ఇవాన్ దాకి ఆ రోజు జబ్బు చేసిందా మాసీ? మీకేమైనా తెలుసా?" అని అడిగింది.

జబ్బే అని చెప్పేస్తే సరిపోయేది. పుష్పరాణి చేతులు తుడుచుకుంది. "వాడు నా కొడుకమ్మా. నేనే ఆపాను," అంది, తనకు వచ్చిన బెంగాలీలో. పని సంగతీ చెప్పింది.

సమీర పళ్ళెం పక్కకు జరిపింది.

"ఆ మాట మాకు ఆ పొద్దున్నే చెప్పి ఉంటే, అతను లేకుండానే లోపలికి వెళ్ళేవాళ్ళం. వస్తాడని నిలబడిపోయాం మాసీ," అంది. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పుష్పరాణి కొడుకుకు అంతా చెప్పింది. వాడు చొక్కా వేసుకుని ఖిదిర్‌పూర్ బస్సు ఎక్కాడు. ఎలీయాజరుకు అన్నం తినిపించడం అవుతుండగానే తిరిగి వచ్చేశాడు.

"ఏటన్నాది?" అని అడిగింది తల్లి.

సమీర వాళ్ళ సందు మొదటిదాకా వెళ్ళాననీ, లోపలికి వెళ్ళలేకపోయాననీ చెప్పాడు.