యూనిట్‌కు నూట తొమ్మిది

పద్మావతి సంచీలో నాలుగో చీర పెట్టగానే మల్లవ్వ దాన్ని బయటికి లాగింది.

"మోకాలి ఆపరేషన్‌కు పోయేదానికి గిన్ని చీరలెందుకు? ఆడనే కాపురం పెడ్తవా ఏంది?"

"మూణ్ణెల్లు వదినా! ఒక్క చీరతో ఎలా గడుస్తుంది?" పద్మావతి చీరను మళ్ళీ సంచీలో కుక్కింది.

ఇస్నాపూర్‌లో మల్లవ్వకు ఆరు కిరాయి గదులున్నాయి. ఫ్యాక్టరీ కుర్రాళ్ళు వస్తారు, పోతారు. పోయే ప్రతివాడూ "మళ్ళొస్త అవ్వా" అనే పోతాడు. ఆ మాటను మల్లవ్వ నమ్మడం మానేసి చాలా కాలమైంది. అయినా గేటు చప్పుడైతే తల తిప్పి చూడకుండా ఉండలేదు. పదకొండేళ్ళుగా కదలనిది మూడో గది పద్మావతి ఒక్కతే. భర్త సూర్యారావు పోయాక, ఆయన సర్కారీ ఫ్యాక్టరీ పెన్షన్‌తో ఇక్కడే ఉండిపోయింది. ఇప్పుడు కాకినాడలో చెల్లెలి దగ్గరికి బయలుదేరింది.

పద్మావతి తొమ్మిది వేలు లెక్కపెట్టి చాచింది. "మూణ్ణెల్ల అద్దె. తీసుకోకపోతే గది ఖాళీ చేసేస్తాను. ఊరికే ఉండే అలవాటు నాకు లేదు."

మల్లవ్వ చెయ్యి చాచలేదు. తీసుకోకుంటే ఖాళీ. తీసుకుంటే మాత్రం? పైసలన్నీ ముందే కట్టిన మనిషికి తిరిగొచ్చే తొందరేముంటుంది?

గడప మీద కూర్చున్న మనవరాలు ప్రేమలత వైపు తిరిగింది. పదో తరగతి చదివే ఆ పిల్లే నెలనెలా గదుల బిల్లులు వేస్తుంది.

"ప్రేమా, ఈమె బిల్లు ఎట్ల ఏస్తవ్?"

"అందరిదీ గంతే నానమ్మా. నెలకు మూడు వేలు, దాని మీద కరెంటు యూనిట్‌కు తొమ్మిది. యూనిట్లు ఎక్స్ అనుకో. తొమ్మిది ఎక్స్ ప్లస్ మూడు వేలు. ఎక్స్ సున్నా అయినా మూడు వేలు కట్టాల్సిందే."

"గా మూడు వేలు తీసెయ్."

"తీస్తే నీకు నెలకు రెండొందల డెబ్బై వస్తయ్. ఈమె ముప్పై యూనిట్లు కూడా దాటదు."

"నాకు తక్కువ రావద్దు. గా మూడు వేలను యూనిట్ల మీదికే ఎక్కియ్."

ప్రేమలత పెన్ను కొరికింది. "మూడు వేలను ముప్పైతో భాగిస్తే వంద. తొమ్మిది కలిపితే నూట తొమ్మిది. నూట తొమ్మిది ఎక్స్! ముప్పై యూనిట్లు కాలిస్తే ఎప్పటిలెక్కనే మూడు వేల రెండొందల డెబ్బై."

"కాల్చకపోతే?"

"సున్నా."

మల్లవ్వ ముఖం విప్పారింది. "గదే ఖాయం. నీ పైసలు నువ్వు దాసుకో పద్మమ్మా."

"యూనిట్‌కి నూట తొమ్మిదా? ఫ్యాన్ వేసుకోవాలంటే గాజులు తాకట్టు పెట్టాలేమో!"

"నువ్వొచ్చి ఫ్యానేసుకుంటేనే నాకు రూపాయి. రాకపోతే నా కిరాయి మునిగినట్టే. ఊరికే ఉండే అలవాటు లేదంటివి గదా?"

ప్రేమలత పడిపడి నవ్వింది. "ఉల్టా బేరం! కిరాయికున్నామె తీస్కోమంటది, ఓనరు వద్దంటది."

"మీ నానమ్మని పోలీసులకి పట్టించాలే," అంటూ పద్మావతి డబ్బు కొంగున ముడేసుకుంది. "సరే, ఒప్పుకున్నాను. వచ్చాక రాత్రీ పగలూ చీకట్లోనే కూర్చుంటాను, చూస్కో."

"కూసో. నీ ఫ్రిజ్జు నేనే ఆన్ చేస్త."

ఆటో వచ్చింది. మల్లవ్వ సంచీ అందించి, దాని పిడి మాత్రం వదల్లేదు. ఆటోవాడు రెండుసార్లు హారన్ కొట్టాక వదిలింది.

పద్మావతి తిరిగి రాలేదు. 2024 సెప్టెంబరు మూడు, మంగళవారం, కాకినాడలో పోయింది.