కొట్టివేతల కట్ట

ఫహీమ్ మాస్టర్ పోయిన పదిహేనో రోజున గార్లలోని ఆయన ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచారు. మాస్టర్ అంటే బడి మాస్టర్ కాదు, టైలర్ మాస్టర్. పగలంతా ఊరికి జాకెట్లూ లాగులూ కుట్టి, మిగిలిన పొద్దు కథలు రాసినవాడు. యక్షగానం ఆడే మేళాలకు పైసా తీసుకోకుండా బట్టలు కుట్టి, వచ్చిన ప్రతివాడికీ కడుపునిండా అన్నం పెట్టించినవాడు. పెట్టించింది ఆయన, వండింది ఆయన భార్య జహీరా బేగం. పేపర్లో 'కళాపోషకుడు కన్నుమూత' అని పడితే, కూతురు కహ్కషాన్ చదివి వినిపించింది. "బియ్యం కడిగింది ఎవరో రాయలేదా?" అని అడిగింది జహీరా బేగం.

ఆమెకు ఎవరో ఒకరు చదివి వినిపించాల్సిందే. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదువుకుంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది కానీ చదవమంటే బస్సు బోర్డుల మీద నాలుగు ఊర్ల పేర్లు గుర్తుపడుతుంది, అంతే. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో మొగుడు రాసిన వాక్యం ఒక్కటీ సొంతంగా చదవలేదు. కొత్తలో ఆయనే చదివి వినిపించేవాడు. కథ మంచి పట్టులో ఉండగా ఈమె లేచి, పప్పు అడుగంటిందేమో చూసి వచ్చేది. కొన్నాళ్లకు ఆయన మానేశాడు.

చివరి నవల సంగతి మాత్రం వేరు. మంచం పట్టకముందు ఒకరోజు మిషను ఆపి మరీ చెప్పాడు. "దీంట్ల నువ్వున్నవ్. నోటితోని నీకు చెప్పనియి అన్నీ రాసిన. అయిపోనీ, కహ్కషాన్‌తోటి చదివిస్త."

ఏం రాశావని ఆమె అడగలేదు. ఈ వయసులో అదేం ముచ్చటని సిగ్గుపడింది. ఇప్పుడు ఆయన లేడు. ఆ చెప్పని మాటలేమిటో తెలియాలంటే ఆ కాగితాలే దిక్కు.

నలభయ్యో రోజు సంస్మరణ సభ నాటికి నవల అచ్చు వేయిస్తానని మహబూబాబాద్ నుంచి వీరయ్య సారు వచ్చాడు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, మాస్టర్‌కు పాత స్నేహితుడు. పెట్టెలోంచి నాడాతో కట్టిన కట్టను జహీరా బేగం తనే తీసి ఆయన చేతిలో పెట్టింది.

"చూడున్రి సార్, ఒక్క కొట్టివేత లేదు. ముత్యాల లెక్క రాసిండు."

సారు అద్దాలు పెట్టుకుని మొదటి కాగితం చదివాడు. రెండోది చదివాడు. తర్వాత మధ్యలోంచి నాలుగు తీసి చూశాడు.

"చెల్లెమ్మా, ఇవి దరఖాస్తులు. ముసలి కళాకారులకు పింఛను ఇప్పించమని. ఒక్కొక్కరి పేరు మీద ఒక్కొక్కటి." కట్టను మెల్లగా కింద పెట్టాడు. "మరి నవల ఏది?"

జహీరా బేగం ఖాళీ పెట్టె వైపు చూసింది. రెండు నెలల కిందట, మాస్టర్ దవాఖానలో ఉన్నప్పుడు, తరిగొప్పుల నుంచి యక్షగానం కట్టయ్య వచ్చాడు. ఆట కిరీటాలకు అట్ట కొనరు. చిత్తు కాగితాలను చింతగింజల జిగురుతో పొర మీద పొర అతికించి, ఎండబెట్టి, పైన బంగారు రంగు కాగితం అంటిస్తారు. ఆ చిత్తు కాగితాలు ఎప్పుడూ మాస్టర్ ఇంటి నుంచే పోయేవి. అప్పుడు పెట్టెలో రెండు కట్టలున్నాయి. ఒకటి శుభ్రంగా ఉంది. రెండోదాని నిండా కొట్టివేతలు, బాణాలు, అంచుల్లో చీమల బారులా అక్షరాలు. చదవడం రాని మనిషి కూడా చిత్తు ఏదో చెప్పగలదు కదా. ఆమె రెండో కట్ట ఇచ్చి, టీ కూడా తాగించి పంపింది.

"అమ్మీ," అంది కహ్కషాన్ చిన్న గొంతుతో. "నాయిన ఎప్పుడు గూడ సాపు రాయడు. కొట్టేసిందే ఆయనకు అసలుది. దరఖాస్తులంటే సర్కారుకు పోతయని సాపు రాసిండు."

"నాకెవరు చెప్పిన్రే?"

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

మర్నాడు పొద్దున తల్లీకూతుళ్లు రైలెక్కి, కాజీపేటలో మారి, జనగామలో దిగి, బస్సు పట్టుకుని తరిగొప్పుల చేరేసరికి మధ్యాహ్నమైంది. సంగతి విని కట్టయ్య లేచాడు. లోపలికి పోయి నాలుగు కిరీటాలు తెచ్చి చాప మీద పెట్టాడు. తళతళలాడుతున్నాయి.

"మాస్టరన్న కాయితమని తుకుడ గూడ పారెయ్యలే వదినె. మంచిగ దిట్టంగ అతికిచ్చిన."

"గంత మంచిగ ఎవడు అతికియ్యమన్నడయ్యా నిన్ను?" అంది జహీరా బేగం.

మొదటి కిరీటాన్ని తొట్టిలో నానబెట్టారు. మాస్టర్ రాసింది సిరా పెన్నుతో. కాసేపటికి జిగురు వదిలింది, దాంతోపాటే అక్షరాలూ వదిలాయి. కహ్కషాన్ పొరలు విప్పి చూస్తే ప్రతి కాగితమూ లేత నీలం మరకే. రెండోదాన్ని తడపకుండా చాకుతో చీల్చబోతే పెంకులు పెంకులుగా రాలింది. కహ్కషాన్ ఆ పెంకులన్నీ ఒళ్లో పోసుకుని ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏమున్నదే?"

"'తలుపు' అని ఉంది. 'అప్పటికి' అని ఉంది. ఇంకోదాంట్ల 'ఆమె'."

"ఆమె అంటే ఎవరు?"

కహ్కషాన్ తల ఎత్తలేదు. "తెల్వది అమ్మీ. నవలల ఆమెలు చానామంది ఉంటరు."

కట్టయ్య మూడోదాని మీద చాకు పెట్టాడు. జహీరా బేగం అతని చెయ్యి పట్టుకుంది.

"వద్దు. ఆటకు నీకు కావాలె."

"ఆటదేమున్నది వదినె, నెత్తికి రుమాల్ చుట్టుకొనన్న ఆడుత."

"వద్దన్న గద. గీ రెండు నేను పాడుజేసింది సాలు."

అప్పుడే వీరయ్య సారు నుంచి కహ్కషాన్‌కు ఫోను వచ్చింది. కహ్కషాన్ తల్లి వైపు చూసింది. "దవాఖానకు పొయ్యేటప్పుడు యాడనో పడిపోయిందని చెప్త. నీ పేరెందుకు?"

జహీరా బేగం ఫోను లాక్కుంది. "సార్, నవల లేదు. చిత్తు అనుకొని నేనే ఇచ్చిన. కిరీటాలు జేసిన్రు. నానబెడితే సిరా పోయింది."

"ఒక్క అధ్యాయమైనా దొరకదా చెల్లెమ్మా?"

"మూడు మాటలు దొరికినయి."

"మరి సభలో ఏం చెప్పమంటారు?"

"ఆయన మంచిగ రాసేటోడని చెప్పున్రి," అంది జహీరా బేగం. "మీరు చదివిన్రు గద."