వేణ్ణీళ్ళ పెద్దమ్మ

నాలుగు చుక్కలు మణికట్టు మీద వేసుకుని వేడి చూసుకున్నాక, పెద్దమ్మ లోపల పరీక్ష చేసే స్టీలు పరికరాన్ని పట్టకారుతో వేణ్ణీళ్ళలోకి దించింది. ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఆయాగా చేరిన నాటినుంచీ ఆమెకదే అలవాటు. చల్లటి ఇనుము తగిలితే ఆడపిల్ల బిగుసుకుపోతుందని ఆమె వాదన. "లాల పోయడం అయిందా పెద్దమ్మా?" అని నర్సులు ఆటపట్టించేవారు. ఆమె చెవిన వేసుకునేది కాదు.

భారీ మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకునేది. ముట్టుడిగి ఏళ్ళు గడిచాక, ఈ వానాకాలంలో మళ్ళీ రక్తం కనబడడం మొదలైంది. డాక్టరమ్మ ఉండేది పక్క గదిలోనే, నోరు విప్పితే చాలు. కానీ రోజూ తను తుడిచే పరీక్ష బల్ల మీద తనే పడుకోవడమా? తలచుకుంటేనే సిగ్గుతో చచ్చిపోయేది. అంత మంచి మనిషికి అంత పిచ్చి మొహమాటం.

ఆ ఉదయం పొత్తికడుపు నొప్పితో పదిహేడేళ్ళ పిల్ల వచ్చింది. డాక్టరమ్మ నెమ్మదిగా అన్నీ అడిగి, చూడటం అవసరమని చెప్పింది. పిల్ల కుర్చీ వదలలేదు.

"మీ అమ్మని ఉండమంటావా, బయట కూర్చోమంటావా? నీ ఇష్టం," అంది పెద్దమ్మ.

"బయటే."

"సరే. నడుం దాకా దుప్పటి కప్పుతా. డాక్టరమ్మ ఏం చేసినా ముందు చెప్పే చేస్తుంది. కాస్త నొక్కినట్టు ఉంటుంది, అంతే. నా చెయ్యి పట్టుకో. వద్దనిపిస్తే గట్టిగా నొక్కు, ఆపేస్తాం."

"నిజంగా ఆపుతారా?"

"ఆపకపోతే నేనూరుకుంటానా?"

పిల్ల ఆమె మొహంలోకి చూసింది. "మీరు చేయించుకున్నారా?"

"ఓ, ఎన్నిసార్లో," అని పెద్దమ్మ అబద్ధమాడింది.

మధ్యలో పిల్ల చెయ్యి నొక్కింది. డాక్టరమ్మ వెంటనే ఆగింది. ఊపిరి పీల్చుకుని, "ఊఁ, చెయ్యండి," అని పిల్లే అంది. కడుపులో చిన్న నీటిబుడగ, మందులతో తగ్గుతుందట. వెళ్తూ వెళ్తూ పిల్ల గుమ్మంలో వెనక్కి తిరిగి, "మీరు చెప్పినట్టే ఉంది పెద్దమ్మా," అని నవ్వింది.

ఆ మాట పెద్దమ్మకు ముల్లులా గుచ్చుకుంది. అందరూ భోజనాలకు వెళ్ళాక డాక్టరమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, నన్నూ ఒకసారి చూస్తారా?"

బల్లెక్కింది. పక్కన నిలబడేవాళ్ళు లేక తన కుడిచేతిని తన ఎడమచేత్తోనే పట్టుకుంది. నిజంగానే పెద్ద నొప్పేమీ లేదు. దీనికా ఇన్నాళ్ళు భయపడ్డాను అని ఆమెకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ పరీక్ష ముగించి చేతితొడుగులు విప్పింది. "పక్క గదిలోనే ఉన్నాను కదా, ఒక్క మాట చెప్పలేకపోయావా?" అంది.

"సిగ్గేసిందమ్మా."

అటునుంచి అటే వ్యానులో పెద్దాసుపత్రికి పంపారు. గర్భసంచి క్యాన్సరు, బాగా ముదిరిపోయిందన్నారు అక్కడ. చలికాలం వెళ్ళకముందే పెద్దమ్మ పోయింది.

మళ్ళీ చూపించుకోవడానికి వచ్చిన పిల్ల, ఆవిడేరని అడిగింది. నర్సు చెప్పింది. పిల్ల తల దించుకుంది. బల్ల కింద, ఆ గదిలో పెద్దమ్మ తొడుక్కునే రబ్బరు చెప్పులు మడమల దగ్గర అరిగి, గోడవైపు తిరిగి ఉన్నాయి.