ఇది మీరేనా?

మా ఆవిడ పోయాక కూడా ఆమె ఫోనుకు చార్జింగ్ పెట్టడం మానలేదు. కారణం చిన్నదే. సాయంత్రం మాత్ర వేసుకోవడం నేను మరిచిపోతుంటానని, ఆ వేళకు మోగేలా తన గొంతుతోనే నాలుగు మాటలు అందులో రికార్డు చేసి పెట్టింది. అవి మోగేటప్పుడు ఫోను నా దగ్గర ఉండాలి. అందుకని బడికి వెళ్ళేటప్పుడు దిద్దాల్సిన పేపర్లతో పాటు దాన్నీ సంచిలో వేసుకుంటాను.

ఆమె పనిచేసింది రక్తపరీక్షలు చేసే ఒక సంస్థలో. పరీక్షలు చేసే చోట కాదు. రోగుల రిపోర్టులు పరాయి చేతుల్లో పడకుండా కాపలా కాసే విభాగం ఒకటుంది, దానికి పెద్ద. ఆ పని ఏమిటో ఒకసారి వంటింట్లో నిలబడి నాకు చెప్పింది.

"మీరు రోజూ వచ్చే వేళకు, రోజూ కొట్టినట్టే తలుపు కొడితే ఏం చేస్తాను? తీస్తాను. వేళ కాని వేళ పెరటి తలుపు చప్పుడైతే 'ఎవరూ' అంటాను. లోపలికి వచ్చీ రాగానే బీరువా తాళాలెక్కడ అని అడిగితే?"

"అడిగితే?"

"మొగుడైనా సరే, వెలుతురులోకి రండి, మొహం చూడాలి అంటాను. మా కంప్యూటర్లకి నేర్పింది అంతే. ఊరికే అందర్నీ అడిగి విసిగించకూడదు. తేడా కనిపిస్తే మాత్రం వదలకూడదు. తేడా ఎంత పెద్దదైతే ప్రశ్న అంత గట్టిగా ఉండాలి."

అనుమానం ముందు పుట్టి తర్వాత నువ్వు పుట్టావన్నాను. ఆమె దాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంది.

ఇంట్లోనూ ఆమెది అదే పద్ధతి. ఒకసారి నా ఫోను పాడై, తోటి ఉపాధ్యాయుడి ఫోను నుంచి చేసి బ్యాంకు కార్డు పిన్ అడిగాను. "మీ అమ్మగారి ముందు నన్నేమని పిలుస్తారో చెప్పండి" అంది. చుట్టూ అందరూ ఉన్నారు. "ఏమనీ పిలవను, దగ్గుతాను" అన్నాను. "అయితే మీరే" అని పిన్ చెప్పింది. ఆ తర్వాత చాలా రోజులు స్టాఫ్‌రూములో నేను కనిపిస్తే చాలు, అందరికీ దగ్గు వచ్చేది.

ఆమె విభాగంలో ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్క అనేవారు. ఆ వరసన నేను వాళ్ళందరికీ బావగారిని. ఆమె తర్వాతి స్థానంలో ఉన్నాయనకు గొళ్ళెం అని పేరు పెట్టింది. తలుపు వేశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వెళ్ళి చూసుకునే మనిషి. కంప్యూటర్లు ఇచ్చే హెచ్చరికలు కనిపెట్టి చూసే అమ్మాయిని అనుమానపు పక్షి అనేది. పేరు పొడుగైపోయి, పిలవగా పిలవగా అది పిట్ట అయింది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల విరామంలో స్టాఫ్‌రూములో కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను. సంచిలో ఫోను వణికింది. మాత్ర వేళ కాదు. తీసి చూస్తే తెర మీద ఆమె ఆఫీసు గుర్తు, దాని కింద నాలుగు ముక్కలు.

కొత్త కంప్యూటరు. కొత్త చోటు. రోగుల రిపోర్టులన్నీ ఒకేసారి డౌన్‌లోడ్ చేయమంటున్నారు. ఇది మీరేనా?

కింద రెండు గడులు. ఒకదానిలో 'నేనే', రెండోదానిలో 'నేను కాదు'.

ఆ ప్రశ్నను మళ్ళీ చదివాను. నెలల తరబడి ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఇంతలో అదే ఫోను మోగింది.

"నమస్కారం సార్. మేడమ్ గారి ఆఫీసు నుంచి. మేడమ్ విషయం తెలిసి చాలా బాధపడ్డాం సార్."

"చెప్పండి."

"మేడమ్ అకౌంట్ ఇవాళ మూసేస్తున్నాం సార్. అందులో ఆవిడ సొంత ఫోటోలు, వాయిస్ రికార్డింగులు చాలా ఉన్నాయి. మూసేశాక ఇక దొరకవు. ముందే మీకు పంపమని పైనుంచి చెప్పారు. ఫోన్లో ఒక ప్రశ్న వచ్చుంటుంది చూడండి. 'నేనే' అని నొక్కండి, చాలు."

గొంతు మర్యాదగా ఉంది. తొందర కూడా లేదు. రికార్డింగులు అన్న మాట దగ్గర నా వేలు 'నేనే' మీదికి వెళ్ళింది. నా దగ్గర ఉన్నవి మాత్ర గురించిన ఆ నాలుగు మాటలే.

నొక్కేవాణ్ణే. కానీ తెర మీద ఫోటోల మాట లేదు. రోగుల రిపోర్టులన్నీ అని ఉంది. ఆ రిపోర్టుల్లో ఆమెదీ ఉంది. జబ్బు సంగతి చివరి దాకా ఆఫీసులో ఎవరికీ తెలియనివ్వలేదు. వాళ్ళు తన వంక జాలిగా చూస్తే పని సాగదని. ఇలా ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పుకోలేనివి ఎందరివో అక్కడ ఉంటాయి. అవన్నీ బయటికి పోతే, పోయేది ఆమె పేరు మీదే.

"ఒక్క మాట" అన్నాను. "మా ఆవిడ దగ్గర పనిచేసినవాళ్ళు నన్నేమని పిలుస్తారు?"

"అర్థం కాలేదు సార్."

"నన్ను. మీ విభాగంలో. ఏమంటారు?"

"సార్ అనే అంటాం కదా సార్. మాస్టారు అని కూడా..."

నాకు దగ్గు వచ్చింది.

"టైమ్ అయిపోతోంది సార్" గొంతు మారింది. "మేడమ్ గారి మాటలు మీకు అక్కర్లేదా?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. 'నేను కాదు' నొక్కి ఫోను పెట్టేశాను. ఎదుటి బల్ల దగ్గర లెక్కల మాస్టారు, "ఏమైందండీ, ఎవరూ?" అన్నాడు. "ఎవరో తెలియదు. మావాళ్ళు కాదని మాత్రం తేలింది" అన్నాను.

వెంటనే గొళ్ళేనికి ఫోను చేశాను.

"బావగారూ! ఎన్నాళ్ళకు! తిన్నారా?" అన్నాడు. జరిగింది చెప్పాను. "అక్క అకౌంటా? అది ఎప్పుడో మూసేశాం కదా... ఉండండి. పిట్టా, అక్క అకౌంట్ ఒకసారి చూడమ్మా."

మీటలు నొక్కుతున్న చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"బావగారూ" ఈసారి గొంతు చాలా చిన్నదైంది. "మూసేయమని రిక్వెస్టు నేనే పెట్టాను, అప్పుడే. కానీ పెద్ద అకౌంట్ ఏది మూయాలన్నా ఈ విభాగం పెద్ద ఒప్పుకోవాలి. అక్క పెట్టిన రూలే. అందుకని ఆ రిక్వెస్టు వెళ్ళి కూర్చుంది..."

"ఎక్కడ?"

"అక్క ఇన్‌బాక్సులో."

ఆ పూట మిగిలిన పాఠాలు ఎలా చెప్పానో నాకే తెలియదు. రిపోర్టులు పోయాయో లేదో గొళ్ళెం అప్పటికప్పుడు చెప్పలేనన్నాడు. మొత్తం వెతికి చూడాలట. బడి వదలగానే నేరుగా వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాను.

కిటికీ పక్కన ఆమె కుర్చీ అలాగే ఉంది. ఆమె పొట్టి. కుర్చీ కూడా కిందికి దించే ఉంది. అందులో కూర్చోమని సంస్థవాళ్ళు గొళ్ళేన్ని ఎన్నోసార్లు అడిగారని, ఇప్పుడే వద్దని అతను దాటేస్తూ వచ్చాడని అప్పుడు తెలిసింది. సంస్థ పెద్దాయన అతని ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"చనిపోయిన మనిషి ఒప్పుకోలు కోసం ఇన్నాళ్ళూ ఎదురుచూశామా?"

"తప్పే సార్. ఆ కుర్చీలో ఎవరన్నా ఉంటే అది ఆ రోజే తేలిపోయేది. వద్దన్నది నేనే. నా ఉద్యోగం..."

"ముందు పోయిందేమిటో తేలనీ."

అందరం పిట్ట వంక చూశాం. ఆమె తెర మీది నుంచి కళ్ళు తీయలేదు.

"హెల్ప్‌డెస్క్‌కి ఎవరో ఫోన్ చేసి అక్క పేరు చెప్పారు. కొత్తగా చేరినవాళ్ళు, అక్క సంగతి తెలియదు, కొత్త పాస్‌వర్డ్ ఇచ్చేశారు. దాంతో గుమ్మం దాకా వచ్చారు. అక్కడ కంప్యూటరు ప్రశ్న అడిగింది. కాదని జవాబు వచ్చింది. తలుపు మూసుకుపోయింది." ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలింది. "ఏమీ పోలేదు. ఒక్క రిపోర్టు కూడా."

"ఆమెది?" అన్నాను.

"అక్కదీ పోలేదు బావగారూ."

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. ఎవరో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

పెద్దాయన ముఖం తేటపడింది. "దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే ఆఫీసు మనది అనుకున్నాను. ఈసారి ముందే మొరిగింది."

"మొరిగింది బావగారండీ" అంది పిట్ట. అనేసి నాలుక కరుచుకుంది. ముందు నేనే నవ్వాను. ఆ తర్వాత గొళ్ళెం నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ.

"ఆ ఫోటోలు, రికార్డింగులు..." అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

గొళ్ళెం తల అడ్డంగా ఊపాడు. "ఆఫీసు కంప్యూటర్లో ఇంటి సంగతులు పెడితే మాకు చీవాట్లు పెట్టేది. తను పెడుతుందా? అందులో ఏమీ లేవు బావగారూ. వాడు ఊరికే ఎర వేశాడు."

పోగొట్టుకున్నది ఏమీ లేదన్నమాట. ఆ సంగతి తెలియగానే గుండె మీది నుంచి ఏదో దిగింది.

"మాస్టారూ, ఇంకొక్క పని" అన్నాడు పెద్దాయన. "మూసే రిక్వెస్టు పంపితే ఆ ఫోనుకే ప్రశ్న వస్తుంది. ఇప్పుడు 'నేనే' అని నొక్కేయండి. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది."

"నేను ఆవిణ్ణి కాను కదండీ. మధ్యాహ్నం కాదన్నవాణ్ణి, సాయంత్రం అవునని ఎలా అనను?"

"అక్క ఉంటే ఈ జవాబుకి పదికి పది వేసేది" అంది పిట్ట.

రెండో దారి ఒకటుంది. పెద్దాయన, గొళ్ళెం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఎవరి మటుకు వాళ్ళు తామేనని ఋజువు చూపిస్తే ఖాతా మూయవచ్చు. గొళ్ళేనిది వెంటనే అయిపోయింది. పెద్దాయన ఈ అంతస్తు నుంచి ఏనాడూ పని చేసినవాడు కాదు. ఆయన ఫోను టింగుమంది. ఇది మీరేనా? వేలిముద్ర పెట్టాడు. చాలదంది. ముఖం చూపించమంది. కళ్ళజోడు తీయమంది.

"నేనేనయ్యా బాబూ!" అని ఫోను మీద అరిచాడు.

"అరిస్తే ఇంకా అనుమానిస్తుంది సార్" అంది పిట్ట.

చివరికి నమ్మింది. నా చేతిలోని ఫోనులో ఆఫీసు గుర్తు ఒక్కటే మాయమైంది. మిగతాదంతా భద్రంగా ఉంది. పెద్దాయన లేస్తూ ఆమె కుర్చీని గొళ్ళెం వైపు జరిపాడు. "ఇక తప్పించుకోకు. రేపటి నుంచి ఒప్పుకోలు నీ దగ్గరికే వస్తుంది." గొళ్ళెం కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. అయినా ఎత్తు సరిచేసుకోలేదు.

అప్పుడు ఫోను మోగింది. ఆపబోయి ఆగిపోయాను.

"మాత్ర వేసుకున్నారా? వేసుకున్నానని ఊరికే అనకండి. షీటు చూపించండి."

పిట్ట కళ్ళు తుడుచుకుని నా ముందుకు చేయి చాచింది.

సంచిలోంచి షీటు తీసి, ఒక మాత్ర నొక్కి తీసి నోట్లో వేసుకున్నాను. ఖాళీ అయిన గడి కనిపించేలా షీటు ఆమె చేతిలో పెట్టాను.