ఈశ్వరి మొదటి నుంచీ చూసిన సినిమా

ఇలా దగ్గరగా వచ్చి కూర్చో తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టు. రాజాంలో మొన్నమొన్న జరిగిన సంగతి చెప్తాను. ఆమె పేరు ఈశ్వరి. పేరు ముందే చెప్తున్నాను, గట్టిగా పట్టుకో. ఆ ఇంట్లో నలభై ఎనిమిదేళ్లుగా ఆ పేరు ఒక్కరి నోటా రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం. ఈశ్వరి వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తోంది. హాల్లో టీవీ ముందు అందరూ కూర్చున్నారు: వడ్ల వ్యాపారం కొడుక్కి అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్న ఆమె భర్త నరసింగరావు, ఆయన చెల్లెలు దానమ్మ, కొడుకు ఉమాశంకర్, బళ్లో పాఠాలు చెప్పే కోడలు రాధిక. సినిమాలో కథేమంటే, బర్మా నుంచి ఓడెక్కి వచ్చేసిన కాందిశీకుల పిల్లని ఎన్నికల్లో నిలబడ్డ కుర్రాడు ప్రేమిస్తాడు. థియేటర్‌లో ఆడినప్పుడు వీళ్లందరూ వెళ్లొచ్చారు. మేడ మీద ధాన్యం ఆరబోసి ఉందని ఈశ్వరిని కాపలా ఉంచారు. ఇప్పుడది ఇంట్లోనే చూసుకునేలా టీవీలోకి వచ్చింది. ఈసారి బజ్జీలు అడ్డొచ్చాయి. మూకుడు ముందు నిలబడి ఈశ్వరి ఆ సినిమాని చెవులతో చూస్తోంది.

ఈశ్వరి పుట్టింది రంగూన్‌లో. తండ్రి అక్కడ బియ్యం మిల్లులో కూలీ. ఏడేళ్లప్పుడు అన్నీ వదిలేసి విశాఖ రేవులో దిగారు. పెళ్లయ్యేదాకా రేకుల షెడ్ల క్యాంపులోనే పెరిగింది. అత్తవారింట్లో ఒక ఆనవాయితీ ఉంది, కోడళ్లని పుట్టింటి ఊరి పేరుతో పిలుస్తారు. తోడికోడలిది నెల్లిమర్ల. ‘నెల్లిమర్లమ్మా’ అని పిలిస్తే ఆ పిలుపు వెనక ఒక తండ్రి, అన్నదమ్ములు, ఒక ఊరు ఊరంతా నిలబడి ఉన్నట్టుండేది. ఈశ్వరి కాపురానికొచ్చిన రోజున, ఈ పిల్లని ఏమని పిలవాలని అడిగారు ఆడవాళ్లు. అత్త వక్క నములుతూ, “దీనికి ఊరెక్కడిదే, క్యాంపు అనండి” అంది. అందరూ నవ్వారు. కొత్త పెళ్లికొడుకూ నవ్వాడు. ఆ నవ్వు ఈశ్వరి మర్చిపోలేదు. అత్త పోయి ఇరవై ఏళ్లయినా ఆమె పెట్టిన పేరు పోలేదు. క్యాంపూ నీళ్లు, క్యాంపూ కుడితి, క్యాంపూ నా చొక్కా. దానమ్మకైతే క్యాంపొదిన. రాధిక ఉద్యోగస్తురాలు కనుక ఆమెని పేరుతోనే పిలుస్తారు.

హాల్లోంచి ఓడ కూత వినిపించింది. వెనకే ఒక ఆడమనిషి ఏడుపు. ఈశ్వరి గరిటె పట్టుకునే గుమ్మం దాకా వచ్చింది. తెర మీద రేవులో అధికారి ఒకడు, బంగారం దేశం దాటకూడదని, ఆ పిల్ల తల్లి చెవుల కమ్మలు తీయిస్తున్నాడు. ఈశ్వరి తల్లికీ అంతే. బోసి చెవులకి వేపపుల్లలు పెట్టుకుని ఓడెక్కింది. కాపురానికొచ్చిన కొత్తలో ఒకసారి ఈ సంగతి చెప్పబోతే, “కతలు సెప్పకు, బియ్యంలో రాళ్లేరు” అంది అత్త. అక్కడే కూర్చున్న నరసింగరావు తలెత్తను కూడా లేదు.

ఇప్పుడా నరసింగరావే కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

“పాపం, ఊరు లేని పిల్లే. అలాగ ఏడిపిస్తారేటి? మనుషులేనా ఈళ్లు?” అన్నాడు చెల్లెలితో. దానమ్మ ముక్కు చీదింది. ఆయన తల తిప్పకుండానే, “ఒసే క్యాంపూ, టీ ఏదే?” అని కేకేశాడు.

ఈశ్వరి గుమ్మంలోనే ఉంది. ఈ మనిషి దగ్గర జాలి లేదనుకుని ఇన్నాళ్లూ సరిపెట్టుకుంది. లేకపోవడమేం, కండువా తడిసేటంత ఉంది. దాచుకుని దాచుకుని తీసుకెళ్లి టీవీలో బొమ్మకి ఇచ్చేశాడు. ఇన్నేళ్లూ ఆయనకి వండిపెట్టింది ఆ బొమ్మా, పిల్లల్ని కని ఇచ్చింది ఆ బొమ్మా?

వెనక్కి వెళ్లి పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుని వచ్చి, బల్ల మీది రిమోట్ రాధికకిచ్చి ఆపమంది. బొమ్మ నిలిచిపోయింది.

“ఆ పిల్ల పేరేటి?” అని మొగుణ్ణి అడిగింది.

“కస్తూరి. ఏం?”

“నా పేరేటి?”

నరసింగరావు నోరు తెరిచాడు. పేరు తెలియక కాదు, రేషన్ కార్డు మీద ఆయనే రాయించాడు. కానీ ఆ నోటికి అది అలవాటు లేదు, నాలుక ఎటూ తిరగలేదు. ఉమాశంకర్ తల దించుకున్నాడు. దానమ్మ సర్దిచెప్పబోయింది, పేరు తెలీకేటి వదినా, ముద్దుకి పిలుస్తామని. ఈశ్వరి ఆమె వంక చూసింది. మాట అక్కడితో ఆగిపోయింది.

“ఇంత వయసొచ్చాక ఏటీ గోల? సినిమా ఎట్టించు” అన్నాడు ఆయన చివరికి.

“ఎట్టిస్తాను” అంది ఈశ్వరి. సోఫా మధ్యలో, ఎప్పుడూ ఆయన కూర్చునే చోటు పక్కనే కూర్చుంది. “పిండి గిన్నెలో ఉన్నాది. కావలసినోళ్లు ఏసుకోండి. రాధికా, మొదట్నుంచీ ఎట్టమ్మా. నేను సూడలేదు.”

రాధిక మొదటికి తిప్పింది.

ఓడ రేవు వదలకముందే ఆయన ఒకసారి క్యాంపూ అన్నాడు. ఈశ్వరి కళ్లు తెర మీదే ఉన్నాయి. కోపంగా ఇంకోసారి అన్నాడు. మూడోసారి కాస్త మెల్లగా. ఇంకెవరినో పిలుస్తున్నట్టు ఆమె ఊరుకుంది. ఆ సాయంత్రం టీ ఉమాశంకర్ పెట్టాడు, పంచదార మరిచిపోయి. ఆ రోజు మొదలు క్యాంపనే పేరుకి ఆ ఇంట్లో పలికే మనిషి లేదు.

నువ్వు రేపు ఎవరికైనా ఈ సంగతి చెప్తావు కదా. చెప్పు తల్లీ, తప్పకుండా చెప్పు. ఎవరి కథ అని అడుగుతారు. రాజాం కోడలనకు, కాందిశీకురాలనకు. ఈశ్వరి అను. ఏదీ, ఒకసారి నాతో పాటు అను.