దిబాకర్ వదిలేసిన అన్నం

ఒడిశాలోని నువాపట్నాలో పట్టుచీరలు నేసే దిబాకర్ మెహెర్, డాక్టరమ్మ ముందు భార్య పరువు తీసేశాడు.

"మూడు నెలలైనా చక్కెర దిగలేదు. చెప్పినట్టే తింటున్నారా?" అని కుంతలను అడిగింది డాక్టరమ్మ.

"ఎక్కడమ్మా! మా ఎదుట రాగిజావ, చాటున రసగుల్లా," అంటూ నవ్వాడు.

కుంతల బస్సులో ఇల్లు చేరేదాకా కిటికీవైపే చూసింది.

మర్నాడు మధ్యాహ్నం అతను భోంచేసి మగ్గం దగ్గరికి వెళ్ళాడు. కంచం నిండుగా కనబడందే అతనికి తృప్తి ఉండదు. కొండలా పెట్టించుకుని, సగం తిని లేస్తాడు. కళ్ళజోడు మరిచిపోయి వెనక్కి వచ్చేసరికి, కుంతల అతని కంచం ఒళ్ళో పెట్టుకుని, దాల్మా పప్పు కలిసిన అన్నం గబగబా మింగుతోంది. పక్కన ఆమె జావగిన్నె ఖాళీగా ఉంది.

"ఇదేంటే?"

ఆమె ఉలిక్కిపడింది. "పారేయమంటావా? అన్నం పారేయడానికి నాకు చేతులు రావు."

"రోజూ ఇంతేనా?"

"రోజూ నువ్వు వదిలేస్తావుగా."

ఆ పూట రెండుసార్లు పోగు తెంపాడు. నిన్న తను నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. మర్నాడు ఒక్కడే బస్సెక్కి వెళ్ళి, "రసగుల్లా నేను కల్పించిందమ్మా. ఆవిడ తింటున్నది నా ఎంగిలి," అని చెప్పేశాడు.

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు వంటలైతే ఎన్నాళ్ళు నడుస్తుంది? మీరూ అదే తినండి. రేపు మీకూ మంచిదే," అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే వంట. గరిటెడు అన్నం, దానికి రెండింతలు కూర, సాయంత్రం రాగిరొట్టె. తనకు కావలసినంతే దిబాకర్ స్వయంగా వడ్డించుకున్నాడు. మొదటి వారం ఆకలికి విసుక్కున్నాడు. తుడిచినట్టున్న కంచం చూసి కుంతల, "పిల్లి నాకినట్టుంది," అని చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆరు నెలలకు చక్కెర దారికొచ్చింది. అది తెచ్చిపెట్టిన తిమ్మిరి మాత్రం కుంతల వేళ్ళ కొసల నుంచి పోలేదు. రంగులో ముంచేముందు పట్టుపోగులకు ముడులు వేస్తూ ఆమె తడబడినప్పుడల్లా అతను తల దించుకుంటాడు.

"మళ్ళీ ఆ మొహం పెట్టావా? తినమని నువ్వేమైనా నా నోట్లో కుక్కావా?" అంటుంది కుంతల.

అతను ఆమె చేతిలోని పోగు తీసుకుని, మిగతా ముడులు తనే వేస్తాడు.