లాంగ్ షాటంటే దూరం చూపా?

డాక్టరు దగ్గరి నుంచి మా ఆయన ఈల వేసుకుంటూ వచ్చారు. ఏళ్ల తరబడి ఫొటో స్టూడియో నడుపుతున్న మనిషి. ఈ మధ్య రెండు కళ్లూ మసకబారి, ఫోకస్ కుదరక, పాస్‌పోర్టు ఫొటోలు కూడా నా చేతే తీయిస్తున్నారు.

"రేపే ఆపరేషన్. చూపు రావడం లాంగ్ షాటేనన్నాడు డాక్టరు," అన్నారు చెప్పులు విడుస్తూ.

"అంటే?"

"ఇన్నాళ్లు స్టూడియోలో ఉండి అదీ తెలీదా? దూరం నుంచి తీసే ఫొటో. దూరం చూపు వచ్చేస్తుందట. క్లోజప్పులు నువ్వు చూసుకో, గ్రూపు ఫొటోలు నేను చూసుకుంటా. ఒక్కోసారి ఉన్న చూపూ పోవచ్చని ఏదో అన్నాడులే. డాక్టర్లందరూ అనేదే."

నా గుండెల మీంచి బరువు దిగింది. అయినా దూరం చూపు వస్తే దగ్గర చూపుకి ఏం రోగమో అంతుపట్టలేదు. ఆ మాటే ఫోనులో మా తమ్ముణ్ణి అడిగాను. వాడు ఇంగ్లీషు మాస్టారు. ఏది అడిగినా పాఠం మొదలుపెట్టేవాడు కాస్తా, ముందు బావ పక్కన లేడు కదా అని అడిగాడు.

"అక్కా, అది చూపు గురించి కాదు. కుదిరే అవకాశం తక్కువ, చాలా కష్టం, అయినా ప్రయత్నిద్దాం అని."

"లాంగ్ అంటే పొడుగే కదరా. పొడుగు అవకాశమంటే పెద్ద అవకాశమే కదా."

"కాదక్కా. బాగా దూరం నుంచి గురిచూసి కొట్టడం. తగిలితే తగిలినట్టు."

చెబితే మనిషి నీరుగారిపోతాడు. చెప్పకపోతే, ఏమీ తెలియకుండానే ఉన్న చూపు పోగొట్టుకుంటాడేమో. డాక్టరు మీద ఒళ్లు మండింది. కష్టమని తెలుగులో చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయా?

స్టూడియోలో ఆయన గ్రూపు ఫొటోల కోసం బెంచీలు సర్దుకుంటున్నారు. ఉండబట్టలేక ఉన్నదున్నట్టు చెప్పేశాను. బెంచీ మీద కూలబడ్డారు.

"అయితే దూరం కూడా రాదా?"

"రావచ్చట. కానీ రాదనే అనుకోవాలట."

"అదేం మాట?"

"నాకేం తెలుసండీ? నాకూ సరిగ్గా అర్థం కాలేదు. ఇప్పుడేం చేద్దాం?"

"వెళ్దాం. ఇలా ఎన్నాళ్లని తడుముకుంటాను?" అని లేచి, నన్ను కిటికీ వెలుగులోకి లాగి, ముఖంలో ముఖం పెట్టి చూడసాగారు.

"ఏంటండీ ఇది, ఎవరైనా వస్తారు."

"కదలకు," అన్నారు. "రేపటి తర్వాత ఇదే గుర్తుంచుకోవాలేమో."

కళ్లు తుడుచుకోవడానికైనా నేను కదలలేదు.